ప్రయాణ కాలానికి విలువ, ప్రాణ భద్రతకు విలువ: పశ్చిమ ప్రకాశం రహదారుల ఆర్థిక మదింపు

ఒక రహదారిని వెడల్పు చేయాలా, ప్రమాదకరమైన మలుపును సరిచేయాలా, వాగుపై వంతెన నిర్మించాలా అనే ప్రతి నిర్ణయం వెనుక ఒక లెక్క ఉంటుంది. వెచ్చించే ప్రతి రూపాయికీ సమాజానికి కలిగే ప్రయోజనం ఎంత అన్నదే ఆ లెక్క. ఇంధనం, టైర్లు, మరమ్మతుల మీద మిగిలే సొమ్మును లెక్కించడం కొంత సులభం. బజారులో ధర లేని రెండు అంశాలను లెక్కించడమే కష్టం. ప్రయాణికులకు ఆదా అయ్యే కాలం మొదటిది. తప్పిపోయే ప్రమాదాలు, నిలిచే ప్రాణాలు రెండవది.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కంభం, కనిగిరి, పొదిలి వంటి ప్రాంతాలలో దూరాలు ఎక్కువ, ఆదాయాలు తక్కువ. ఇటువంటి చోట ఈ రెండు అంశాలకు కట్టే విలువను బట్టే ఏ రహదారికి నిధులు మంజూరవుతాయి, ఏది వెనుకబడుతుంది అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. కాలం ఆదాను, భద్రతను వేర్వేరుగా కాక ఒకే పద్దులో కలిపి చూడవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంత స్వరూపం

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఆవిర్భవించింది. 1972లో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు స్మృత్యర్థం ప్రస్తుత నామం వచ్చింది. కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను, నెల్లూరు జిల్లా నుంచి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలను ఈ జిల్లాలో చేర్చారు. ఒక వైపు నల్లమల అడవులు, మరొక వైపు వర్షాభావ మెట్ట భూములు గల ఈ ప్రాంతం ఒంగోలుకు చాలా దూరంలో ఉంది. మార్కాపురం నుంచి ఒంగోలుకు దాదాపు 100 కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణించాలి.

ఈ ప్రాంతానికి మూడు జాతీయ రహదారులు ప్రధానమైనవి. అనంతపురం, గుంటూరులను కలిపే 544డి రహదారి గిద్దలూరు, కంభం మీదుగా సాగుతుంది. తెలంగాణలోని నకిరేకల్ నుంచి తిరుపతి సమీపంలోని ఏర్పేడు వరకు గల 565 రహదారి యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరిల మీదుగా వెళుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, దోర్నాల మీదుగా వచ్చే 765 రహదారి తోకపల్లె వద్ద ముగుస్తుంది.

గుంటూరు మార్కెట్ యార్డుకు మిర్చి తీసుకువెళ్లే లారీలు, మార్కాపురం పలకల రవాణా వాహనాలు, శ్రీశైలం యాత్రికుల కార్లు, ఆర్టీసీ బస్సులు, వ్యవసాయ కూలీలను చేరవేసే ఆటోలు, ద్విచక్ర వాహనాలు, గొర్రెల మందలు ఒకే దారిని పంచుకోవడం ఇక్కడి రాకపోకల ప్రత్యేకత. వేగంలోనూ బరువులోనూ ఇంత వ్యత్యాసం గల వాహనాలు కలిసి సాగే చోట కాలం ఆదాను, భద్రతను విడదీసి చూడడం సాధ్యం కాదు.

కాలానికి విలువ కట్టడం ఎలా మొదలైంది?

బ్రిటన్‌లో లండన్–బర్మింగ్‌హామ్ మోటారు మార్గంపై 1960లో వెలువడిన ఆర్థిక అధ్యయనం ఈ రంగంలో తొలి అధ్యయనాలలో ప్రసిద్ధమైనది. ఆ మార్గం వల్ల కలిగే ప్రయోజనాలలో కాలం ఆదా ప్రధాన స్థానం పొందింది. 1965లో అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ కాల వినియోగంపై ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ లెక్కకు శాస్త్రీయ పునాది వేసింది. మనిషికి ఆదాయం ఎలా పరిమితమో కాలం కూడా అలాగే పరిమితం. కనుక ప్రయాణంలో గడిచే గంటకు మరొక వినియోగంలో విలువ ఉంటుందని ఆ సిద్ధాంతం సారాంశం.

భారతదేశంలో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ 1977–82 మధ్య రహదారి వినియోగదారుల వ్యయంపై విస్తృత అధ్యయనం నిర్వహించింది. తదుపరి సవరణలతో ఆ సమాచారం ఆధారంగా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రాజెక్టుల ఆర్థిక మదింపుపై ప్రత్యేక కరదీపికను వెలువరించింది. ఎస్.పి.30గా ప్రసిద్ధమైన ఈ కరదీపిక ఒక సంచిక 1993లో వచ్చింది. 2009లో దానిని సవరించారు.

లెక్కించే విధానం

ఈ విధానంలో ప్రయోజనాలను మూడు పద్దులుగా విభజిస్తారు. వాహన నిర్వహణ వ్యయంలో తగ్గుదల మొదటి పద్దు. ప్రయాణికులకు, సరుకుకు ఆదా అయ్యే కాలం రెండవది. ప్రమాద నష్టంలో తగ్గుదల మూడవది. ప్రాజెక్టు చేపడితే ఎలా ఉంటుంది, చేపట్టకపోతే ఎలా ఉంటుంది అన్న రెండు స్థితులను అనేక సంవత్సరాల కాలానికి పోల్చి, భవిష్యత్ ప్రయోజనాలను నేటి విలువకు తగ్గిస్తారు. ఆర్థిక ప్రతిఫల రేటు 12 శాతం లేదా అంతకు మించితే ప్రాజెక్టు ఆమోదయోగ్యమని పరిగణించడం దీర్ఘకాలంగా ఉన్న ఆనవాయితీ.

ఆర్థిక వ్యయానికీ ద్రవ్య వ్యయానికీ గల భేదాన్ని గమనించాలి. డీజిలుపై చెల్లించే పన్ను వాహన యజమానికి ఖర్చే అయినా, సమాజం దృష్టిలో అది ఒక చేతి నుంచి మరొక చేతికి మారిన సొమ్ము మాత్రమే. అందువల్ల ఆర్థిక లెక్కలో పన్నులను మినహాయిస్తారు.

కాలం విలువను నిర్ణయించేటప్పుడు పని నిమిత్తం చేసే ప్రయాణాన్నీ ఇతర ప్రయాణాన్నీ వేరు చేస్తారు. పనివేళలో సాగే ప్రయాణానికి వేతనం, దానిపై యాజమాన్యానికి అయ్యే అదనపు ఖర్చు కలిపి విలువ కడతారు. ఇతర ప్రయాణాల విషయంలో, స్థానిక సమాచారం లభించనప్పుడు, పెద్దలకు తలసరి కుటుంబ ఆదాయంలో 30 శాతం, పిల్లలకు 15 శాతం లెక్కించవచ్చునని ప్రపంచ బ్యాంకు 1997 నాటి మార్గదర్శక పత్రం సూచించింది. నడిచే సమయానికి, బస్సు కోసం వేచి ఉండే సమయానికి అధిక విలువ ఇవ్వాలని కూడా అదే పత్రం పేర్కొంది. ఎండలో బస్సు కోసం నిలబడిన అరగంట, బస్సులో కూర్చున్న అరగంట సమానం కావన్నది ఇందులోని తర్కం.

ఎవరి కాలం లెక్కలోకి వస్తుంది?

వేతనాన్నే కొలబద్దగా తీసుకుంటే పేద ప్రాంతపు గంట చౌకగా కనిపిస్తుంది. 2025–26లో ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన దినవేతనం రూ.307. ఎనిమిది గంటల పనిదినంగా చూస్తే గంటకు సుమారు రూ.38 అవుతుంది. నగర పరిసరాలలో కారు ప్రయాణికుని గంటకు దీనికి అనేక రెట్లు విలువ కడితే, అదే వ్యయంతో చేపట్టే రెండు రహదారులలో నగరం వైపు రహదారికే ఎల్లప్పుడూ అధిక ప్రతిఫలం కనిపిస్తుంది. ఈ వివక్షను నివారించడానికి అన్ని ప్రాంతాలకు, అన్ని ఆదాయ వర్గాలకు ఒకే సగటు విలువను వర్తింపజేయాలన్న వాదం ఆర్థికవేత్తలలో బలంగా ఉంది.

వేతనం లేని వారి కాలం మరొక సమస్య. కళాశాలకు వెళ్లే విద్యార్థిని, బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లే తల్లి, పింఛను పని మీద కార్యాలయానికి వెళ్లే వృద్ధుడు కోల్పోయే గంటలకు జీతపు పట్టీలో ఆధారం ఉండదు. అయితే వైద్యానికి వెళ్లే కూలీ ఒక రోజు ప్రయాణానికి ఒక రోజు కూలిని పూర్తిగా వదులుకుంటారు. అరగంట ఆదా కావడం వల్ల ఆ రోజు మధ్యాహ్నానికి పనిలోకి చేరగలిగితే, ఆ అరగంట విలువ సగం రోజు కూలితో సమానం. గంటల సగటులో ఈ వాస్తవం మరుగున పడుతుంది.

దూర ప్రయాణికులకు ఉద్దేశించిన మార్గాల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కొడికొండ నుంచి ముప్పవరం వరకు రూపొందించిన బెంగళూరు–విజయవాడ ప్రవేశ నియంత్రిత రహదారి చంద్రశేఖరపురం, మర్రిపూడి ప్రాంతాల మీదుగా వెళుతుంది. రెండు మహానగరాల మధ్య ప్రయాణించే వారికి అది గంటల కొద్దీ కాలాన్ని ఆదా చేస్తుంది. స్థానికులకు కలిగే ప్రయోజనం మాత్రం ప్రవేశ కూడళ్లు ఎక్కడ ఉన్నాయి, ఊరికీ పొలానికీ మధ్య అండర్‌పాస్‌లు ఎంత దగ్గరగా ఉన్నాయి అన్న విషయాలపై ఆధారపడుతుంది. పొలానికి వెళ్లేందుకు చుట్టు తిరిగే రైతు కాలాన్ని కూడా లెక్కలో ఖర్చు వైపు రాయాలి.

ప్రమాద నష్టానికి విలువ

ప్రాణానికి వెల కట్టడమనే మాట వినడానికి కఠినంగా ఉంటుంది. వాస్తవానికి ఇక్కడ లెక్కించేది ఒక వ్యక్తి ప్రాణం వెల కాదు. అనేకమందికి పొంచి ఉన్న ముప్పును కొంత తగ్గించడానికి సమాజం ఎంత వెచ్చించడం సమంజసమో ఆ మొత్తాన్ని. 1968లో థామస్ షెల్లింగ్ ఈ భేదాన్ని స్పష్టం చేశారు. మృతుని భావి సంపాదన నష్టాన్ని లెక్కించే పాత పద్ధతి స్థానంలో, ముప్పు తగ్గింపునకు ప్రజలు చెల్లించడానికి సిద్ధపడే మొత్తం ఆధారంగా లెక్కించే పద్ధతికి బ్రిటన్ 1988లో మారింది. సంపాదన నష్టం పద్ధతిలో గృహిణి, వృద్ధుడు, నిరుద్యోగి ప్రాణాలకు తక్కువ విలువ కట్టవలసి వస్తుంది. ఈ మార్పునకు అదే ప్రధాన కారణం.

మన దేశంలో 1999–2000 సంవత్సరానికి రోడ్డు ప్రమాదాల సామాజిక వ్యయం సుమారు రూ.55 వేల కోట్లని, స్థూల దేశీయోత్పత్తిలో ఇది 3 శాతమని ప్రణాళికా సంఘం అంచనా వేసింది. కేంద్ర రహదారి రవాణా శాఖ కోసం డి.ఐ.ఎం.టి.ఎస్., ఢిల్లీ ఐ.ఐ.టి. జరిపిన తదుపరి అధ్యయనం 2018 సంవత్సరానికి ఈ వ్యయాన్ని రూ.1.47 లక్షల కోట్లుగా, స్థూల దేశీయోత్పత్తిలో 0.77 శాతంగా పేర్కొంది. ఆ అధ్యయనం ప్రకారం ఒక మరణానికి సుమారు రూ.91 లక్షలు, తీవ్ర గాయానికి సుమారు రూ.3.6 లక్షలు, స్వల్ప గాయానికి సుమారు రూ.78 వేలు నష్టం కలుగుతుంది. రెండు అంచనాల మధ్య వ్యత్యాసానికి లెక్కింపు పద్ధతి, నమోదు కాని ప్రమాదాలను చేర్చే విధానం ముఖ్య కారణాలు. కనుక ఈ అంకెలను ఉటంకించేటప్పుడు సంవత్సరాన్నీ పద్ధతినీ తప్పక పేర్కొనాలి.

ఈ ఆర్థిక విలువను న్యాయస్థానాలు నిర్ణయించే నష్టపరిహారంతో కలగాపులగం చేయరాదు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఇచ్చిన తీర్పుల ప్రకారం పరిహారం మృతుని వయస్సు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్యను బట్టి ఉంటుంది. ఢీకొట్టి పారిపోయిన వాహనాల కేసులలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు నిర్దేశించింది. ఇది తక్షణ ఉపశమనం మాత్రమే. ఉపశమనం, పరిహారం, ఆర్థిక విలువ అనేవి మూడు వేర్వేరు అంకెలు.

దేశవ్యాప్తంగా 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. 2023లో మృతుల సంఖ్య 1.72 లక్షలు దాటింది. 2022 మృతులలో దాదాపు 68 శాతం గ్రామీణ ప్రాంతాల ప్రమాదాలలో మరణించినవారే. మృతులలో ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు 44 శాతానికి పైగా ఉన్నారు. పశ్చిమ ప్రకాశం వంటి గ్రామీణ ప్రాంతాల రహదారులకు ఈ నిష్పత్తులు ప్రత్యేక హెచ్చరిక. 2023 జులైలో పొదిలి నుంచి కాకినాడ వెళుతున్న పెళ్లి బృందం బస్సు దర్శి సమీపంలో సాగర్ కాలువలో పడి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. కాలువలు, చెరువు కట్టలు, కల్వర్టుల వెంబడి రక్షణ గోడల ఖర్చును ఇటువంటి నష్టంతో సరిపోల్చి చూడాలి.

రెండు పద్దులు కలిపి చూస్తే

విషయ స్పష్టత కోసం ఒక ఊహా ఉదాహరణను పరిశీలించవచ్చు. 40 కిలోమీటర్ల రహదారిపై రోజుకు 5,000 మంది ప్రయాణిస్తున్నారనుకుందాం. సగటు వేగం గంటకు 40 నుంచి 60 కిలోమీటర్లకు పెరిగితే గంట ప్రయాణం 40 నిమిషాలకు తగ్గుతుంది. ఒక్కొక్కరికి 20 నిమిషాల చొప్పున ఏడాదికి సుమారు 6.08 లక్షల గంటలు ఆదా అవుతాయి. గంటకు పైన చెప్పిన రూ.38 చొప్పున వాటి విలువ సుమారు రూ.2.3 కోట్లు.

భద్రతా ఏర్పాట్లు లేకుండా వేగం మాత్రమే పెరిగి, అదే రహదారిపై ఏడాదికి ముగ్గురు అదనంగా మరణిస్తే, రూ.91 లక్షల చొప్పున నష్టం సుమారు రూ.2.7 కోట్లు. అంటే 5,000 మందికి ఏడాది పొడవునా ఆదా అయిన కాలం విలువ మొత్తం ముగ్గురి మరణంతో తుడిచిపెట్టుకుపోతుంది. పైగా ఆ రూ.91 లక్షలు 2018 నాటి అంచనా. నేటి ధరలకు సవరిస్తే నష్టం మరింత పెరుగుతుంది. అదే రహదారిని పటిష్ఠమైన భద్రతా ఏర్పాట్లతో నిర్మించి మరణాలను ముగ్గురి మేరకు తగ్గించగలిగితే, రెండు ప్రయోజనాలు కలిపి సుమారు రూ.5 కోట్లకు చేరతాయి. రహదారి ఒకటే, ఆదా అయ్యే కాలమూ ఒకటే. భద్రత పద్దు ఒక్కటే ఫలితాన్ని నష్టం నుంచి రెట్టింపు లాభానికి మార్చింది.

సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. రహదారి నిర్మాణం మెరుగుపడినప్పుడు ఈ ముప్పు కొంత తగ్గవచ్చు. ఏడు మీటర్ల రెండు వరుసల దారికి ఇరువైపులా ఒకటిన్నర మీటరు చొప్పున గట్టి అంచులు వేస్తే, ద్విచక్ర వాహనాలకూ పాదచారులకూ కొంత చోటు లభిస్తుంది. ఊళ్ల వద్ద వేగ నియంత్రణ, కూడళ్ల వద్ద వెలుతురు, రోడ్డు దాటే ఏర్పాట్లు జోడించినప్పుడే ఆదా అయిన కాలం నికర లాభంగా మిగులుతుంది.

వేగం పెరగకుండానే కాలం ఆదా

కాలం ఆదాకు వేగం పెంచడం ఒక్కటే మార్గం కాదు. గమ్యాన్ని దగ్గర చేయడం రెండవ మార్గం. ఒంగోలు వరకు వెళ్లవలసిన పని మార్కాపురంలోనే పూర్తయితే, గిద్దలూరు వాసికి రానుపోను దాదాపు 200 కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది. ఈ ప్రాంతానికి ప్రత్యేక జిల్లా కావాలన్న చిరకాల కోరికకు దూరమే ప్రధాన కారణం. మార్కాపురం కేంద్రంగా జిల్లా ఏర్పాటుకు ప్రభుత్వం 2025లో నోటిఫికేషన్ జారీ చేసింది. తప్పిన ప్రయాణంలో కాలమూ, చార్జీలూ, ప్రమాదపు ముప్పూ మూడూ ఒకేసారి ఆదా అవుతాయి. పాలనా కేంద్రాలు, ఆసుపత్రులు, కళాశాలల స్థల నిర్ణయాన్ని కూడా ఈ కోణంలో రవాణా నిర్ణయంగానే పరిగణించాలి.

మరికొన్ని సందర్భాలలో సమాజం తెలిసి తెలిసి కాలాన్ని వదులుకుంటుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా వెళ్లే మార్గాలలో రాత్రి వేళ వాహనాల రాకపోకలపై ఆంక్షలు ఉన్నాయి. అటవీ తనిఖీ కేంద్రం మూసే వేళకు చేరుకోలేని యాత్రికుడు తెల్లవారే వరకు వేచి ఉండాలి. వన్యప్రాణుల రక్షణకు, రాత్రి వేళ అడవి మలుపులలో ప్రమాదాల నివారణకు చెల్లించే మూల్యం ఆ కాలం. అయితే గేట్ల వేళలను ముందుగా, దూరంలోనే తెలియజేసే బోర్డుల వల్ల ఆంక్షను సడలించకుండానే ఈ నష్టాన్ని తగ్గించవచ్చు.

క్షతగాత్రులకు కాలమే ప్రాణం

కాలం, భద్రత రెండూ ఒకే చోట కలిసేది ప్రమాదానంతర వైద్యంలో. తీవ్ర గాయం తగిలిన తరువాతి ఒక గంటను 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కీలక సమయంగా నిర్వచించింది. 108 అంబులెన్సు సేవలు 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. మామూలు ప్రయాణికునికి 20 నిమిషాల విలువ కొద్ది రూపాయలు. అంబులెన్సులో ఉన్న వ్యక్తికి అవే 20 నిమిషాలు నిండు ప్రాణం. పట్టణ ప్రధాన వీధులలో ఆక్రమణలు తొలగించడం, రైల్వే గేట్ల వద్ద వంతెనలు నిర్మించడం వంటి పనుల ప్రయోజనాన్ని లెక్కించేటప్పుడు ఈ అంశాన్ని ప్రత్యేకంగా చేర్చాలి.

ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల పరిమితితో నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మేలో నోటిఫై చేసింది. క్షతగాత్రులను సకాలంలో ఆసుపత్రికి చేర్చినవారికి ఇచ్చే బహుమతిని అదే సంవత్సరం రూ.25 వేలకు పెంచారు. బాధితుని కుటుంబం అప్పుల పాలు కాకుండా నివారించడం కూడా ఆర్థిక ప్రయోజనమే. రోడ్డు ప్రమాదాల తరువాత పేద కుటుంబాలలో అత్యధిక శాతం ఆదాయం కోల్పోతున్నాయని 2021లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక వెల్లడించింది.

అధికారులు, పాత్రికేయులు పరిశీలించదగిన అంశాలు

1. సమగ్ర ప్రాజెక్టు నివేదికలో కాలం ఆదా పద్దు ఎంత, ప్రమాద నష్టం పద్దు ఎంత అన్నది విడివిడిగా చూడాలి. రెండవ పద్దు ఖాళీగా ఉంటే భద్రతను లెక్కలోకి తీసుకోలేదని అర్థం.

2. కాలం విలువకు ఆధారం స్థానిక సర్వేయా, రాష్ట్ర సగటా అన్నది తెలుసుకోవాలి. బస్సు, ఆటో ప్రయాణికులు, పాదచారులు గణనలో ఉన్నారా అన్నది ముఖ్యం.

3. ప్రమాదాల సమాచారం ప్రధానంగా పోలీసు నమోదులపై ఆధారపడుతుంది. పోలీసు కేసు లేకుండా ఆసుపత్రికి చేరిన క్షతగాత్రులు ఇందులో కనిపించకపోవచ్చు. ఆసుపత్రి, 108 రికార్డులతో సరిపోల్చినప్పుడే పూర్తి చిత్రం లభిస్తుంది.

4. జాతీయ రహదారిపై 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ఐదు ప్రమాదాలు జరిగినా, పది మరణాలు సంభవించినా ఆ భాగాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. ఈ గుర్తింపు ప్రాణనష్టం జరిగిన తరువాతే సాధ్యం. ముందుగానే లోపాలను పసిగట్టడానికి రహదారి భద్రతా ఆడిట్ అవసరం.

5. నిర్దేశిత భద్రతా ప్రమాణాలు పాటించని కారణంగా మరణం లేదా అంగవైకల్యం సంభవిస్తే, రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ బాధ్యులకు రూ.1 లక్ష వరకు జరిమానా విధించే వీలును 2019 సవరణ చట్టంలోని 198ఎ సెక్షన్ కల్పించింది.

6. రహదారి ప్రారంభమైన తరువాత ప్రయాణ కాలాన్నీ ప్రమాదాల సంఖ్యనూ మళ్లీ కొలిచి, అంచనాలతో పోల్చాలి. వేగం పెరిగినట్లు ప్రకటించే వేడుకలో ప్రమాదాల అంకె కూడా పక్కనే ఉండాలి.

పశ్చిమ ప్రకాశం ప్రజలకు మెరుగైన రహదారి విలాసం కాదు. పంట మార్కెట్‌కు, రోగి ఆసుపత్రికి, విద్యార్థి కళాశాలకు చేరడానికి అది ఆధారం. ఇక్కడి గంటకు తక్కువ విలువ కడితే రహదారి రాదు. ఇక్కడి ప్రాణానికి విలువ కట్టకపోతే వచ్చిన రహదారే ముప్పుగా మారుతుంది. ఈ రెండు పద్దులనూ సమానమైన శ్రద్ధతో నింపినప్పుడే ప్రజాధనానికి సరైన ప్రతిఫలం లభిస్తుంది.